ఏ డాక్టరు దగ్గరకు వెళ్లాలో తేల్చుకోలేకపోతున్నాను

హైదరాబాద్ నిజాంపేటలో ఉంటున్న ఒక పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు. ఆమె వయసు 33 ఏళ్లు. సొంత ఊరు సిద్దిపేట దగ్గరి ఒక పల్లె. ప్రైవేటు పాఠశాలలో మూడో తరగతి పిల్లలకు చదువు చెబుతారు. భర్త కార్ల షోరూములో పనిచేస్తారు. ఆరేళ్ల పాప, అత్తగారు ఇంట్లో ఉంటారు. పోయిన దసరా సెలవుల తర్వాత నుంచి ఆమెకు తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, మళ్లీ నిద్ర పట్టదు. "పాణం నిమ్మళంగా ఉండదు, ఏదో జరగబోతున్నట్టు గుండె దడదడ కొట్టుకుంటుంది" అని రాశారు. ఒకరోజు బడిలో ప్రార్థన జరుగుతుండగా ఛాతీ బిగుసుకుపోయి, చేతులు చల్లబడి, గుండెపోటేనని భయపడ్డారు. ఆసుపత్రిలో ఈసీజీ, టూడీ ఎకో తీశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అక్కడి డాక్టరు టెన్షన్ తగ్గించుకోమని చెప్పి, పదిహేను రోజులకు నిద్రమాత్రలు రాశారు. ఆ చీటీ చూపించి మెడికల్ షాపులో కొనుక్కుంటూ నాలుగు నెలలుగా అవే వాడుతున్నారు.

తర్వాత ఫోనులో వీడియోలు చూసి, కౌన్సెలర్‌నని చెప్పుకునే ఒకరికి ఆరు సిట్టింగుల కోసం తొమ్మిది వేలు ముందుగానే కట్టారు. ఆ మనిషి ఎక్కువగా ఇంగ్లిషులోనే మాట్లాడటం వల్ల తన బాధ చెప్పుకోలేకపోయానని, రెండో సిట్టింగులో ఇదంతా పూర్వజన్మ దుఃఖమని చెప్పడంతో భయం వేసి మానేశానని రాశారు. డబ్బు తిరిగి రాలేదు. ఈ సంగతి భర్తకు తెలియదు. "సైకియాట్రిస్టు దగ్గరకు వెళితే జీవితాంతం మందులు మింగాల్సిందే" అని తోటి టీచరు హెచ్చరించారట. నాకు కావలసింది డాక్టరా, కౌన్సెలరా? ఇంత పెద్ద నగరంలో ఎవరిని నమ్మాలి? ఇంట్లో చెప్పాలా వద్దా? అసలు నాకే కష్టమూ లేనప్పుడు ఇదంతా ఎందుకు? ఇవీ ఆమె ప్రశ్నలు. ఉత్తరం చివర, సంతకానికి పైన, ఇంకో మాట ఉంది. పొద్దున నిద్ర లేవకుండా ఉంటే బాగుండునని రెండు మూడుసార్లు అనిపించిందట. పాప ముఖం చూసి ఆ ఆలోచన మానుకున్నారట.

అమ్మా, మీరు చివర రాసిన మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మిగిలిన ప్రశ్నలన్నిటికంటే దానికే తొందర ఎక్కువ. నిద్ర లేవకపోతే బాగుండుననే ఆలోచన, విపరీతంగా అలసిపోయిన మనసుకు వస్తూనే ఉంటుంది. అది వచ్చినందుకు మీరు చెడ్డ తల్లి కారు, బలహీనురాలు కూడా కారు. కానీ ఆ ఆలోచన "ఎలా" అనే వైపు మళ్లినా, ఇంట్లో ఉన్న ఆ మాత్రలన్నీ ఒకేసారి గుర్తుకు వచ్చినా, అప్పుడు అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు. మీ వారిని లేపి చెప్పండి, అదే గంటలో దగ్గరి పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లండి. అంత దూరం రాకపోయినా, మూడింటికి మెలకువ వచ్చి ఒంటరిగా ఉన్నప్పుడు 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. మాత్రల డబ్బాను కొన్నాళ్లపాటు మీ వారి దగ్గర ఉంచి, రోజుకు కావలసినంతే తీసుకోవడం కూడా మంచిది. ఏ డాక్టరు దగ్గరకు వెళ్లినా, ఈ మాటను ఉత్తరంలోలాగా చివరికి దాచిపెట్టకుండా మొదటే చెప్పండి. వారికి ఇది కొత్త మాట కాదు, మిమ్మల్ని చూసే పద్ధతిని నిర్ణయించే మాట.

ఇక, కష్టమేమీ లేనప్పుడు ఇదెందుకు వచ్చిందన్న ప్రశ్న. మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాను. కష్టం లేదంటూనే మీరు తెల్లవారక ముందే వంట, పాపను తయారు చేయడం, బడిలో ఖాళీ లేని పీరియడ్లు, రాత్రి పదకొండు దాకా నోటు పుస్తకాలు దిద్దడం, వేసవిలో అడ్మిషన్ల కోసం ఎండలో ఇల్లిల్లూ తిరగడం, ఇన్ని అడ్మిషన్లు తేవాలన్న లెక్క తప్పితే యాజమాన్యం మాటలు పడటం, అన్నీ రాశారు. వాటిని కష్టాల్లో కలపలేదు, అంతే. అయినా వీటివల్లే వచ్చిందని నేను తీర్పు చెప్పను. ఒక ఉత్తరం చదివి అలా చెప్పగలిగిన వారెవరూ లేరు, చెప్పిన వారిని మీరు ఇప్పటికే ఒకరిని చూశారు. మనసుకు వచ్చే జబ్బుకు కనిపించే కారణం ఉండి తీరాలని లేదు. వంశంలో ఉన్న లక్షణం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, రక్తహీనత కావచ్చు, ఏళ్ల తరబడి పేరుకున్న అలసట కావచ్చు, ఇవన్నీ కొద్దికొద్దిగా కలిసి కూడా కావచ్చు. బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో వయోజనుల్లో ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. పల్లెల కంటే పెద్ద నగరాల్లో ఇది ఎక్కువగా కనబడింది. సమస్య ఉన్నవారిలో అత్యధికులు ఏ వైద్యమూ అందనివారే. "నీకేం తక్కువ?" అని ఎవరైనా అడిగితే మీరు సమాధానం వెతుక్కోనక్కరలేదు. ఆ ప్రశ్న మధుమేహం ఉన్నవారిని ఎవరూ అడగరు.

మాటల ద్వారా చికిత్స చేసే మంచి థెరపిస్టు ఎవరని మీరు వెతకడం మొదలుపెట్టారు, కానీ దానికంటే ముందు తేలవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మీకు కావలసిన సాయం ఏ రకం అన్నది అది. దాన్ని మీరే తేల్చుకుని వెళ్లాలనుకోవడం వల్లే ఇన్ని నెలలు గడిచాయి. అది తేల్చడం వైద్యుల మొదటి పని, మీ పని కాదు. అయితే ఎవరు ఏం చేస్తారో తెలిస్తే మోసపోయే అవకాశం తగ్గుతుంది కనుక చెబుతాను. సైకియాట్రిస్టు ఎంబీబీఎస్ చదివి, తర్వాత మానసిక వైద్యంలో ఎండీ, డీఎన్‌బీ లేదా డీపీఎం చేసిన డాక్టరు. జబ్బును నిర్ధారిస్తారు, పరీక్షలు చేయిస్తారు, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్టు మందులు రాయరు. మనస్తత్వ శాస్త్రంలో ప్రత్యేక శిక్షణ పొంది, పరీక్షల ద్వారా సమస్యను అంచనా వేసి, మాటల ద్వారా చికిత్స చేస్తారు. వీరు 1992 చట్టం కింద ఏర్పడిన రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. మూడో మాట కౌన్సెలర్. ఇందులో సైకాలజీలో పీజీ చేసి ఎంతో బాధ్యతగా పనిచేసేవారూ ఉన్నారు, రెండు వారాల ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవారూ ఉన్నారు, ఆ బోర్డు చూసి తేడా చెప్పడం కష్టం. భార్యాభర్తల మధ్య మాట పడనప్పుడు, ఉద్యోగం మారాలా వద్దా అని నలిగిపోతున్నప్పుడు, మంచి కౌన్సెలర్ చాలు. కానీ నాలుగు నెలలుగా నిద్ర లేక, ఛాతీ బిగుసుకుపోయి, చావు తలపు కూడా వచ్చినవారికి మొదటి మెట్టు అది కాదు.

అందుకే మీ విషయంలో ముందు ఒకసారి సైకియాట్రిస్టును కలవడం మంచిదని నా అభిప్రాయం. దీనికి ఆ నిద్రమాత్రలు కూడా ఒక కారణం. పదిహేను రోజులకని రాసిన మాత్ర నాలుగు నెలలు వాడితే శరీరం దానికి అలవాటు పడి ఉండవచ్చు. వాటిలో చాలా రకాలను ఉన్నట్టుండి మానేస్తే నిద్ర మరింత చెడి, గుండెదడ, వణుకు పెరుగుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. ఈ సమాధానం చదివి భయపడి ఈ రాత్రే ఆపేయకండి. డాక్టరు వాటిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ మాన్పిస్తారు. ఆ మాత్ర నిద్రను తెప్పించిందే తప్ప, నిద్రను చెడగొడుతున్నదాన్ని తాకలేదు. పాత చీటీ చూసి నెలనెలా ఇచ్చిన మెడికల్ షాపువాడిది తప్పే, కానీ ఆ తప్పును ఇప్పుడు సరిచేసుకోవడానికి మీకు వైద్యుడి సాయం కావాలి.

మీ తోటి టీచరు చెప్పిన మాటలో సగమే నిజం. కొన్ని జబ్బులకు దీర్ఘకాలం మందులు వాడవలసి వస్తుంది. ఆందోళన, కుంగుబాటు మొదటిసారి వచ్చినప్పుడు సాధారణంగా అలా ఉండదు. వీటికి ఎక్కువగా రాసే మందులు నిద్రమాత్రల్లాంటివి కావు. వేసుకున్న రాత్రే ఏమీ తెలియదు, గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో వికారం, కొంచెం కంగారు పెరిగినట్టు అనిపించడం ఉండవచ్చు. చాలామంది అక్కడే భయపడి మానేసి, మందు పనిచేయలేదని చెప్పుకుంటారు. బాగయిన తర్వాత కూడా కొన్ని నెలలు కొనసాగించి, ఆపైన మెల్లగా తగ్గిస్తారు. మందు అక్కరలేదు, థెరపీ చాలునని డాక్టరే చెప్పే అవకాశమూ ఉంది. మందు రాస్తే, ఎందుకు రాస్తున్నారు, ఎన్నాళ్లు, ఇబ్బంది వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని అడగండి. ఈ మూడు ప్రశ్నలకు విసుక్కునే డాక్టరైతే మరొకరిని చూడవచ్చు.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ చేతిలో ఉన్న డబ్బు, సమయం బట్టి తేల్చుకోవాలి. మీ ఇద్దరి జీతాలు, అద్దె, పాప ఫీజు చూశాక ఒక్కో సిట్టింగుకు వెయ్యికి పైన ఇవ్వడం మీకు భారమని అర్థమైంది. ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయం మీకు జేఎన్‌టీయూ స్టేషన్‌లో మెట్రో ఎక్కితే నేరుగా చేరుకునే దూరంలో ఉంది. ఆ పేరు వినగానే మీకు ఏమనిపిస్తుందో నాకు తెలుసు. మన ఊళ్లలో ఎర్రగడ్డ అన్నా, విశాఖపట్నంలో చినవాల్తేరు అన్నా, మనిషిని వెక్కిరించడానికి వాడే మాటలుగా మార్చేశాం. ఆ వెక్కిరింత ఎంత హాని చేసిందంటే, తక్కువ ఖర్చులో అనుభవం ఉన్న వైద్యులు దొరికే చోటుకు వెళ్లడానికే మనుషులు సిగ్గుపడి, తొమ్మిది వేలు ఎవరికో పోస్తున్నారు. అక్కడి ఓపీకి వచ్చేవారిలో మీలాగే నిద్ర పట్టనివారు, ఆందోళనతో ఉన్నవారు ఎందరో ఉంటారు, పొద్దున వెళ్లి చూపించుకుని మందులు తీసుకుని ఇంటికి వస్తారు. ఇబ్బంది ఏమిటంటే, రద్దీ వల్ల డాక్టరు మీతో ఎక్కువసేపు మాట్లాడలేకపోవచ్చు, బడికి సెలవు పెట్టాల్సి వస్తుంది. ఆ ప్రాంగణంలో అడుగు పెట్టడానికి మనసు ఒప్పకపోతే గాంధీ, ఉస్మానియా ఆసుపత్రుల్లోనూ మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. అక్కడ మీరు అన్ని రోగాలవారి మధ్య ఒకరుగా ఉంటారు. మీ వారికి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కార్డు ఉంటే సనత్‌నగర్‌లోని ఈఎస్‌ఐ వైద్య కళాశాల ఆసుపత్రిని కూడా కనుక్కోండి. ప్రైవేటు సైకియాట్రిస్టు దగ్గర సాయంత్రం వేళ అపాయింట్‌మెంటు, కొంచెం ఎక్కువ సమయం, ఎప్పుడూ ఒకే డాక్టరు దొరకడం అనే సౌకర్యం ఉంది, దానికి తగ్గ ఫీజూ ఉంది. నిర్ధారణకు మొదటి రెండు సార్లు ప్రైవేటులో చూపించుకుని తర్వాత ప్రభుత్వ ఆసుపత్రిలో కొనసాగేవారు ఉన్నారు, మొదటి నుంచీ ప్రభుత్వ ఆసుపత్రిలోనే నయం చేసుకున్నవారూ ఉన్నారు. రెండూ సరైన దారులే.

థెరపిస్టు విషయానికి వస్తాను. మొదటి అనుభవం చేదుగా ఉన్నందుకు మీరు మిమ్మల్నే తప్పు పట్టుకుంటున్నారు, "నాకు ఇంగ్లిషు సరిగా రాకపోవడం వల్ల" అని రాశారు. కాదమ్మా. రోగి భాషలోకి రావలసింది వైద్యం చేసేవారు. తన భయాన్ని పరాయి భాషలో చెప్పమంటే, ఎవరైనా తమకు తెలిసిన నాలుగు పదాల్లో ఇరుక్కుపోతారు, అసలు సంగతి లోపలే ఉండిపోతుంది. మీరు నాకు రాసినట్టే, మీ ఇంటి మాటల్లో, పాణం నిమ్మళంగా లేదనే చెప్పగలగాలి. కాబట్టి ఫోన్ చేసినప్పుడు మొదట అడగవలసింది, "మీరు పూర్తిగా తెలుగులో మాట్లాడతారా?" అని. ఆ తర్వాత చదువు ఏమిటి, ఎక్కడ శిక్షణ పొందారు అని అడగండి. క్లినికల్ సైకాలజిస్టునని చెబితే రిహాబిలిటేషన్ కౌన్సిల్ నమోదు సంఖ్య అడగండి, దాన్ని వారు సీఆర్‌ఆర్ నంబరు అంటారు. ఆ కౌన్సిల్ వెబ్‌సైటులో పేరు చూసుకోవచ్చు. ఇలా అడగడం అవమానించడం కాదు. సక్రమంగా చదివినవారు సంతోషంగా చెబుతారు, చిరాకు పడినవారి దగ్గర మీ డబ్బు కట్టకండి. చేసిన సిట్టింగుకే డబ్బు తీసుకుంటారా, మొత్తం ముందే కట్టమంటారా అన్నదీ కనుక్కోండి.

కొన్ని మాటలు వినబడితే అక్కడి నుంచి లేచి వచ్చేయవచ్చు. ఇన్ని సిట్టింగుల్లో ఖాయంగా నయం చేస్తానని హామీ ఇవ్వడం, పూర్వజన్మ సంగతులు చెప్పడం, డాక్టరు రాసిన మందులు ఆపేయమనడం, డాక్టరు కాకుండానే మందులు సూచించడం, మీ బాధ వినవలసిన సమయంలో తన జీవితకథ చెప్పుకోవడం, గది బయట స్నేహం పెంచుకోవాలని చూడటం. వీటిలో ఏ ఒక్కటి ఎదురైనా మొహమాటం అక్కరలేదు. మీరు రెండో సిట్టింగులోనే భయపడి మానేశారు, అది మీ మనసు సరిగా పనిచేస్తోందనడానికి గుర్తు.

మంచివారి దగ్గర మాత్రం కొంచెం ఓపిక కావాలి. మొదటి సిట్టింగు చాలావరకు ప్రశ్నలతోనే గడుస్తుంది. నిద్ర, ఆకలి, నెలసరి, కాన్పు తర్వాత ఎలా ఉన్నారు, ఇంట్లో ఎవరికైనా ఇలా ఉందా, చిన్నప్పటి సంగతులు, చావు ఆలోచనలు, అన్నీ అడుగుతారు. ఆ రోజు బయటకు వచ్చాక తేలికగా అనిపించడానికి బదులు బరువుగా అనిపించవచ్చు. ఉన్నట్టుండి వచ్చే దడకు, ఆందోళనకు ఎక్కువగా వాడే పద్ధతిలో భయం వచ్చినప్పుడు తలలో తిరిగే ఆలోచనను పట్టుకుని పరీక్షించడం, తప్పించుకుంటున్న చోట్లకు మెల్లమెల్లగా తిరిగి వెళ్లడం నేర్పిస్తారు. మీరు ఇప్పుడు ప్రార్థన సమయంలో పిల్లల వెనక నిలబడకుండా స్టాఫ్ రూములో కూర్చుంటున్నానని రాశారే, అలాంటివి. ఇంటి దగ్గర చేయవలసిన అభ్యాసాలు ఇస్తారు. మీలాంటి టీచరుకు దీన్ని హోంవర్కు అని చెబితే అర్థమవుతుంది, చేయకుండా వస్తే ఫలితం ఉండదు. మూడు నాలుగు సిట్టింగుల తర్వాత కూడా మీ మాట అక్కడ ఎవరూ వినడం లేదనిపిస్తే ఆ సంగతి వారికే నేరుగా చెప్పండి. అప్పుడూ మార్పు లేకపోతే మరొకరిని వెతుక్కోండి. వారానికి ఒకసారి వెళ్లడం ఖర్చవుతుందనుకుంటే రెండు వారాలకు ఒకసారికి మార్చమని అడగవచ్చు. ఫలితం ఆలస్యమవుతుంది, కానీ మధ్యలో ఆగిపోవడం కంటే నయం. వీడియో కాల్ ద్వారా తీసుకుంటే ప్రయాణం కలిసివస్తుంది. అయితే మీ రెండు గదుల ఇంట్లో అత్తగారు వినకుండా గంటసేపు మాట్లాడే చోటు ఉందో లేదో చూసుకోవాలి. బడి అయిపోయాక ఖాళీ తరగతి గది దొరుకుతుందేమో ఆలోచించండి.

ఇంట్లో చెప్పడం గురించి. చెప్పకపోతే కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ మాత్రలు దాచడం, ఫీజు దాచడం, సెలవు దాచడం మొదలవుతాయి, ఆ దాచడమే రాత్రి మూడింటికి మరో బరువు అవుతుంది. ఆ తొమ్మిది వేల సంగతి ఇప్పటికే అలా తయారైంది. మీ వారి గురించి మీరు రాసిందాంట్లో, ఈసీజీ రోజు షోరూము వదిలి పరుగున వచ్చారని, రిపోర్టులు బాగున్నాయనగానే ఊపిరి పీల్చుకున్నారని ఉంది. అలాంటి మనిషికి రిపోర్టులు బాగున్నా మీకు బాగాలేదని తెలియదేమో. రెండూ ఒకే రోజు చెప్పనక్కరలేదు. నిద్ర సంగతి, చివర రాసిన ఆ ఆలోచన ముందు చెప్పండి, డబ్బు సంగతి తర్వాత. వారితో కలిసి వెళితే డాక్టరుకు మీ గురించి బయటి నుంచి చూసిన మనిషి మాట కూడా దొరుకుతుంది. కానీ డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడిగే హక్కు మీకుంది, అడగండి. ఆయన కోప్పడే మనిషే అయితే, లేదా వెంటనే అత్తగారికి చేరవేస్తారని మీకు నిజంగా భయముంటే, ముందు మీ అక్కను తోడు తీసుకువెళ్లి, వైద్యం మొదలయ్యాక డాక్టరు సమక్షంలో ఆయనకు చెప్పడం ఇంకో దారి. మొదటిదే మంచిదని నాకనిపిస్తోంది, కానీ ఆయనతో కాపురం చేస్తున్నది మీరు, ఆ అంచనా మీదే.

అత్తగారు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. అది కట్టుకుని ఉండటంలో నష్టం లేదు, దాన్ని తీసేయించాలని పోట్లాడి కొత్త గొడవ తెచ్చుకోకండి. మందులు మానేయమంటే మాత్రం వినకండి. బడిలో ఎవరికీ చెప్పవలసిన అవసరం లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మీ చికిత్స వివరాలను వైద్యులు, థెరపిస్టులు గోప్యంగా ఉంచాలి. మీ ప్రాణానికో మరొకరి ప్రాణానికో ప్రమాదం ఉన్నప్పుడు వంటి కొన్ని సందర్భాల్లోనే ఆ గోప్యతకు మినహాయింపు. సెలవు చీటీలో ఆరోగ్యం బాగాలేదని రాస్తే చాలు, అది అబద్ధం కాదు.

వెళ్లే ముందు ఒక కాగితం మీద, ఎప్పటి నుంచి నిద్ర చెడింది, వారంలో ఎన్నిసార్లు దడ వస్తోంది, అప్పుడు ఏం చేస్తున్నారు, బరువు తగ్గారా, పనిలో ఏం చేయలేకపోతున్నారు అన్నవి రాసుకోండి. డాక్టరు ముందు కూర్చోగానే సగం మరిచిపోవడం అందరికీ జరిగేదే. ఈసీజీ, ఎకో రిపోర్టులు, ఆ పాత చీటీ, వాడుతున్న మాత్రల అట్ట వెంట తీసుకువెళ్లండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు ఈ మధ్య చేయించుకోకపోతే వాటి సంగతి మీరే అడగండి. ఈ వారంలోనే ఒకరోజు సెలవు పెట్టండి, యూనిట్ పరీక్షలు అయిపోయేదాకా ఆగవద్దు.